ప్రపంచాన్ని భయపెట్టిన డబ్లిన్ గుమస్తా

డబ్లిన్‌లో ఉండే తెలుగువాళ్లకు క్లాంటార్ఫ్ పేరు కొత్త కాదు. ఎండ కాసిన ఆదివారం దొరికితే చాలు, పిల్లల సైకిళ్లు కారులో వేసుకుని సగం మంది ఆ సముద్రపు ఒడ్డుకే చేరతాం. అక్కడికి దగ్గర్లోనే మరీనో క్రెసెంట్ అనే వీధి ఉంది. నెలవంకలా వంగిన వరసలో పాతకాలపు ఇళ్లు, ఎదురుగా చిన్న పార్కు. ఆ వరసలో 15వ నంబరు ఇంట్లో 1847 నవంబరు 8న ఒక మగపిల్లవాడు పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు, ఏబ్రహాం స్టోకర్ అని. ఆ పేరే కురచై బ్రామ్ స్టోకర్ అయింది. 49 ఏళ్ల వయసులో ఆయన ఒక నవల అచ్చు వేయించాడు. దాని పేరు డ్రాకులా.

మనలో ఎక్కువమందికి డ్రాకులా సినిమాగానే తెలుసు. నల్ల కోటు, కోరపళ్లు, గబ్బిలం. పుస్తకం చదివినవాళ్లు తక్కువ, రాసినాయన ఎవరో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఐటీ ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చిన నేను ఆ నవల చదివాక ఆయన జీవితం గురించి కూడా దొరికినంత చదివాను. రక్తపిశాచి కథలో భయం కోరల్లో లేదని, మాటల్లో, గుర్తుల్లో ఉందని నాకు అర్థమైంది అప్పుడే. ఆ మాటలు, గుర్తులు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే జీవితం మొదటి నుంచి చెప్పుకోవాలి.

మంచం మీద ఏడేళ్లు

ఐర్లాండ్ చరిత్రలో 1847 మామూలు ఏడాది కాదు. బంగాళాదుంప పంట కుళ్లిపోయి వచ్చిన మహా కరువులో అది అతి ఘోరమైన సంవత్సరం. ఆ కరువు కాలంలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది ఓడలెక్కి దేశం వదిలిపోయారు. స్టోకర్ వాళ్లది ప్రొటెస్టెంట్ మధ్యతరగతి కుటుంబం. తండ్రి డబ్లిన్ కోటలోని ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా. ఇంట్లో ఆకలి లేదు కానీ, బయట దేశమంతా చావే.

ఏడుగురు పిల్లల్లో బ్రామ్ మూడోవాడు. ఏదో జబ్బు చేసి, ఏడేళ్లు వచ్చేదాకా లేచి నిలబడలేదు. ఆ జబ్బేమిటో ఇప్పటికీ తేలలేదు. పెద్దయ్యాక ఆయనే ఈ సంగతి రాసుకున్నాడు. మంచం మీద ఉన్న పిల్లవాడికి తల్లి షార్లెట్ కథలు చెప్పేది. ఆమెది పడమటి తీరంలోని స్లైగో. 1832లో అక్కడ కలరా వచ్చినప్పుడు ఆమెకు 14 ఏళ్లు. ప్రాణం ఇంకా పోకముందే మనుషులను గోతుల్లోకి నెట్టేయడం, ఊరి నుంచి పారిపోయి వచ్చినవాళ్లను పక్క ఊళ్లవాళ్లు రానివ్వకపోవడం ఆమెకు తెలిసిన సంగతులు. తర్వాతి రోజుల్లో కొడుకు కోసం వాటిని కాగితం మీద కూడా పెట్టింది.

చచ్చాడనుకున్నవాడు చావలేదు. పక్క ఊరి నుంచి వచ్చినవాడు జబ్బు మోసుకొస్తాడు. ఈ రెండు భయాలూ ఆ పిల్లవాడి చెవిలో పడింది దయ్యం కథగా కాదు, అమ్మ కళ్లతో చూసిన నిజంగా. ఆయన నవలకు ఈ రెండే మూలస్తంభాలు.

కోటలో గుమస్తా

నడవలేని పిల్లవాడు ట్రినిటీ కాలేజీకి వచ్చేసరికి ఆటగాడయ్యాడు. 1864లో చేరి, వ్యాయామ పోటీల్లో బహుమతులు గెలిచి, కాలేజీలోని రెండు పెద్ద చర్చా సంఘాలకూ నాయకత్వం వహించాడు. ఆరడుగుల మనిషి, ఎర్రని గడ్డం. చదువుతూనే తండ్రి పనిచేసే డబ్లిన్ కోటలో గుమస్తా ఉద్యోగంలో కుదిరాడు. ఆయన మొదటి పెద్ద పుస్తకం ఏమిటో తెలిస్తే మనలాంటి ఉద్యోగస్తులకు నవ్వొస్తుంది. ఐర్లాండ్‌లోని చిన్న కోర్టుల గుమస్తాలు తమ విధులు ఎలా నిర్వహించాలో చెప్పే మాన్యువల్! అది 1879లో వచ్చింది. ఏ కాగితం ఎక్కడ దాఖలు చేయాలి, ఏ తేదీ ఎలా నమోదు చేయాలి అన్న లెక్కలే అందులో ఉన్నాయి. ఈ అలవాటు ఎక్కడికీ పోలేదు, తర్వాత డ్రాకులాలోకే వచ్చింది.

సాయంత్రాలు నాటకాలు చూసి డబ్లిన్ ఈవెనింగ్ మెయిల్ పత్రికకు జీతం లేకుండా సమీక్షలు రాసేవాడు. ఆ పత్రిక యజమానుల్లో ఒకరు షెరిడన్ లె ఫాను. ఈయన కూడా డబ్లిన్ రచయితే. 1872 నాటికి కార్మిల్లా అనే కథ అచ్చు వేశాడు. అందులో రక్తపిశాచి ఒక అందమైన అమ్మాయి, స్టిరియా అనే ఆస్ట్రియా ప్రాంతంలో ఒంటరి కోటకు అతిథిగా వస్తుంది. అంతకుముందే 1819లో జాన్ పొలిడోరి ఇంగ్లిష్‌లో రక్తపిశాచిని ప్రభువుల విందుల్లో తిరిగే పెద్దమనిషిగా మార్చాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన ఒట్రాంటో కోట నవలతో గోథిక్ అనే ఈ సాహిత్య శాఖ మొదలైంది. పాడుబడ్డ కోట, చీకటి మెట్లు, తాళం వేసిన గది, చుట్టూ కొండలు దాని సామాను. స్టోకర్ ఇవేవీ కొత్తగా కనిపెట్టలేదు. వాటిని తన కాలపు లండన్‌లోకి, రైలు టైముటేబుళ్ల మధ్యకు తీసుకొచ్చాడు.

ఒక గొంతు చేసిన పని

1876 డిసెంబరులో హెన్రీ ఇర్వింగ్ అనే ప్రసిద్ధ నటుడు హామ్లెట్ ఆడటానికి డబ్లిన్ వచ్చాడు. స్టోకర్ సమీక్ష నచ్చి భోజనానికి పిలిచాడు. భోజనాలయ్యాక ఇర్వింగ్ ఒక పద్యకథ వినిపించాడు. హత్య చేసిన ఒక బడిపంతులు లోలోపల కుమిలిపోయే కథ అది. వేషం లేదు, దీపాల ఏర్పాటు లేదు, ఉన్నదల్లా మాట ఒక్కటే. చదవడం ముగిసేసరికి 29 ఏళ్ల ఆ ఆటగాడు తట్టుకోలేక బోరుమన్నాడు. ఈ సంగతి దాచుకోకుండా స్టోకరే తర్వాత రాసుకున్నాడు. మాటకు అంత శక్తి ఉంటుందని ఆ రాత్రి ఆయనకు ఒళ్లంతా తెలిసింది.

రెండేళ్లకు ఇర్వింగ్ లండన్‌లో లైసియం థియేటర్ తీసుకుని స్టోకర్‌ను మేనేజరుగా రమ్మన్నాడు. స్టోకర్ ప్రభుత్వ ఉద్యోగం వదిలేశాడు. 1878 డిసెంబరులో ఫ్లారెన్స్ బాల్కమ్‌ను పెళ్లి చేసుకుని, ఆ వెంటనే ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆమెను అంతకుముందు ఆస్కార్ వైల్డ్ ఇష్టపడ్డాడు. మరుసటి ఏడాది డిసెంబరు 31న కొడుకు పుడితే పేరులో ఇర్వింగ్ అని చేర్చారు. దాన్నిబట్టే ఆ ఇంట్లో నటుడి స్థానం ఏమిటో తెలుస్తుంది.

ఆ తర్వాత 27 ఏళ్లు స్టోకర్ జీవితం ఇర్వింగ్‌దే. టికెట్ల లెక్కలు, అమెరికా పర్యటనలు, అతిథులు, అప్పులవాళ్లు, అన్నీ ఆయన మీదే. ఇర్వింగ్ తరఫున సుమారు 5 లక్షల ఉత్తరాలు రాసి ఉంటానని తనే లెక్క వేశాడు. ఇంత పనిలోనూ 1890లో న్యాయవాది పట్టా పుచ్చుకున్నాడు. 1882లో ఒక మనిషి థేమ్స్ నదిలోకి దూకితే పడవ మీద నుంచి తనూ దూకి పైకి లాగాడు. ఆ మనిషి బతకలేదు కానీ, స్టోకర్ సాహసానికి పతకం ఇచ్చారు.

లైసియం విందుల్లో, ప్రయాణాల్లో కలిసినవాళ్లలో మన దేశానికి సంబంధించిన ఒకాయన ఉన్నాడు. రిచర్డ్ బర్టన్. మన బేతాళ కథలను 1870లో విక్రముడు, వాంపైర్ అన్న పేరు పెట్టి ఇంగ్లిష్‌లో అచ్చు వేసింది ఆయనే. చందమామలో మనం చదువుకున్న బేతాళుడు రక్తం తాగడు, చిక్కు ప్రశ్న వేస్తాడు. అయినా శవంలో చేరి మాట్లాడేవాడికి ఇంగ్లిష్‌లో బర్టన్‌కు దొరికిన పేరు వాంపైర్. ఆ బర్టన్ మాట్లాడుతుంటే పై పెదవి లేచి కోరపన్ను మెరవడం స్టోకర్ మర్చిపోలేదు, ఇర్వింగ్ గురించి రాసిన జ్ఞాపకాల్లో ఎక్కించాడు. స్టోకర్ తమ్ముళ్లలో ఒకాయన ఇండియన్ సివిల్ సర్వీసులో మన దేశంలోనే పనిచేశాడు కూడా.

విట్బీలో దొరికిన పేరు

స్టోకర్ నోట్సు కాగితాలు వందకు పైగా అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రోజెన్‌బాక్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మొదటి తేదీలు 1890 మార్చివి. నవల 1897లో వచ్చింది కాబట్టి ఏడేళ్ల పని. 2018లో లండన్ లైబ్రరీవాళ్లు తమ అరల్లో ఆ నోట్సుకు సరిపోయే గీతలు, గుర్తులు ఉన్న పాత పుస్తకాలు వెతికి పట్టుకున్నారు. అలా 26 పుస్తకాలు తేలాయి. మన భాషలో చెప్పాలంటే కోడు రాసే ముందు ఏడేళ్లు రిక్వైర్‌మెంట్లు రాసుకున్న మనిషి.

మొదట్లో కథ లె ఫాను వాడిన స్టిరియాలోనే జరుగుతుంది. విలన్ పేరు కౌంట్ వాంపైర్. అంటే పేరు వినగానే విషయం తెలిసిపోతుంది. 1890 వేసవిలో స్టోకర్ ఇంగ్లండ్ తూర్పు తీరంలోని విట్బీ అనే చేపల రేవుకు సెలవులకు వెళ్లాడు. ఒక పక్క కొండ మీద శిథిలమైన పాత మఠం, పక్కనే చర్చి, సముద్రం వైపు ఒరిగిన సమాధులు, పైకి ఎక్కడానికి 199 మెట్లు. ఆ ఊరి లైబ్రరీలో విలియం విల్కిన్‌సన్ 1820లో రాసిన వలేకియా, మాల్డేవియా ప్రాంతాల పుస్తకం కనబడింది. అందులో ఒక పేజీ అడుగున ఉన్న చిన్న వివరణ ప్రకారం వలేకియా భాషలో డ్రాకులా అంటే సైతాను. స్టోకర్ దాన్ని రాసుకున్నాడు. తర్వాత నోట్సులో వాంపైర్ పోయి డ్రాకులా వచ్చింది.

చరిత్రలోని వ్లాడ్ అనే క్రూర రాజు కథే ఈ నవల అని చాలామంది అనుకుంటారు. కానీ నోట్సులో శూలాలకు గుచ్చిన ఆ కథల ఊసే లేదు. స్టోకర్‌ను పట్టుకున్నది ఆ రాజు కాదు, ఆ శబ్దం. మూడు అక్షరాలు, మధ్యలో గరుకుగా తగిలే క, అర్థం తెలియకపోయినా జంకు పుట్టించే పేరు.

విట్బీలో ఆయన ఇంకా చాలా పోగుచేశాడు. సమాధుల మీద పేర్లు రాసుకున్నాడు. ఆ ఊరి జాలరుల మాండలికం పదాలు జాబితా కట్టాడు. 1885లో దిమిత్రి అనే రష్యా ఓడ తుపానులో ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సంగతి అడిగి తెలుసుకున్నాడు. ఆ ఓడ నార్వా రేవుది. నవలలో డ్రాకులా వచ్చే ఓడ డిమీటర్, బయల్దేరేది వార్నా నుంచి. అక్షరాలు అటూ ఇటూ చేస్తే ఇంగ్లిష్‌లో నార్వాయే వార్నా. ట్రాన్సిల్వేనియాకు మాత్రం స్టోకర్ జీవితంలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఎమిలీ జెరార్డ్ వంటివాళ్లు అక్కడి మూఢనమ్మకాల మీద రాసినవి చదివి, ఆ కొండలన్నీ లైబ్రరీలో కూర్చుని కట్టాడు.

కాగితాల్లో దాగిన భయం

ఈ నవలను కథకుడు ఎవరూ చెప్పరు. మొత్తం 27 అధ్యాయాలూ డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల ముక్కలు, ఓడ లాగ్‌బుక్కు, ఫోనోగ్రాఫ్‌లో రికార్డు చేసిన డాక్టర్ మాటలు. ప్రతిదానికీ తేదీ ఉంటుంది. గుమస్తా మాన్యువల్ రాసిన చెయ్యి, 5 లక్షల ఉత్తరాలు రాసిన చెయ్యి ఇక్కడ పనికొచ్చింది. ఎవరికి వాళ్లు తమకు తెలిసింది మాత్రమే రాస్తారు. అన్నీ చదివే మనకు మాత్రమే మొత్తం తెలుస్తుంది. ముందు గొయ్యి ఉందని మనకు తెలుసు, నడిచేవాడికి తెలియదు. ఆ తేడాలోనే భయం పుడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. లూసీ అనే అమ్మాయిని ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దని ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ టెలిగ్రాం ఇస్తాడు. చిరునామాలో జిల్లా పేరు రాయకపోవడంతో అది వేరే జిల్లాకు పోయి 22 గంటలు ఆలస్యంగా అందుతుంది. ఈలోపు జరగాల్సింది జరిగిపోతుంది. పిశాచి కంటే ఆ ఖాళీ వదిలేసిన గడి నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక్క ఫీల్డు ఖాళీగా ఉంటే ఎంత నష్టమో మా ఉద్యోగాల్లో రోజూ చూస్తుంటాం.

డ్రాకులాను మనం ఎదురుగా చూసేది మొదటి నాలుగు అధ్యాయాల్లోనే ఎక్కువ. తర్వాత కుక్క, పొగమంచు, గబ్బిలం రెక్కల చప్పుడు, మెడ మీద రెండు చుక్కలు. అందరికీ డైరీలు ఉన్నాయి, డ్రాకులాకు లేదు. వాడి మనసులో ఏముందో ఒక్క పేజీ కూడా మనకు చదవడానికి దొరకదు. మాట ఇవ్వకపోవడమే వాడిని మనిషి కాకుండా చేసింది.

పదాల ఎంపిక కూడా చూడండి. లాయరు జొనాథన్ హార్కర్ కోటకు వెళ్లే దారిలో బండి ఎక్కబోతుంటే చుట్టూ జనం గుసగుసలాడుతుంటారు. అతను జేబులోంచి బహుభాషా నిఘంటువు తీసి వాళ్ల మాటలు వెతుక్కుంటాడు. సైతాను, నరకం, మంత్రగత్తె అని ఒక్కొక్కటే అర్థం తేలుతుంది. భాష తెలియని చోట పదాలు ముందు శబ్దంగా తగిలి, కాసేపటికి అర్థంగా కొట్టడం ఎలా ఉంటుందో విదేశంలో ఉన్న మనకు వేరే చెప్పాలా? మరోచోట లండన్ పసిపిల్లలు తమను ఎత్తుకెళ్లే ఆడమనిషిని బ్యూటిఫుల్ అనడం నోరు తిరగక బ్లూఫర్ లేడీ అంటారు. ఆ ముద్దుమాటే ఆ అధ్యాయంలో వెన్ను జలదరించే మాట. ఇక చచ్చీ చావనివాడు అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఇప్పుడు అందరూ వాడే అన్‌డెడ్ అన్న మాటను జనంలోకి తెచ్చింది ఈ నవలే. అచ్చుకు వెళ్లే ముందు దాకా పుస్తకం పేరు కూడా అదే.

గడప, అద్దం, మట్టి

గుర్తుల సంగతికి వస్తే స్టోకర్ ఇంట్లో రోజూ కనిపించే వస్తువులనే తీసుకున్నాడు. హార్కర్ గడ్డం గీసుకుంటుంటే వెనక నిలబడ్డ డ్రాకులా అద్దంలో కనబడడు. దయ్యం కనబడటం కంటే కనబడాల్సినవాడు కనబడకపోవడం ఎంత భయమో ఆ ఒక్క అద్దంతో చూపించాడు. లూసీ గదిలో వాన్ హెల్సింగ్ కట్టిన వెల్లుల్లి పూలను, గాలి ఆడటం లేదని కన్నతల్లే తీసేసి కిటికీ తెరుస్తుంది. ప్రేమతోనే తలుపు తెరుచుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద గుర్తు గడప. ఇంట్లోవాళ్లు మొదట పిలిస్తే తప్ప రక్తపిశాచి లోపలికి రాలేడు. మన ఊళ్లలో 1990ల్లో తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసుకోవడం నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట వచ్చే ఆడదయ్యం అది చదివి తిరిగిపోతుందని నమ్మకం. డ్రాకులాకూ దానికీ చుట్టరికం లేదు. కానీ రెండుచోట్లా గడప దగ్గర కాపలా కాసేది మాటే. అక్కడ పిలుపు లోపలికి రానిస్తుంది, ఇక్కడ రాత వెనక్కి పంపుతుంది.

ఇంకో గుర్తు మట్టి. డ్రాకులా సొంత గడ్డ మట్టిలో తప్ప విశ్రాంతి తీసుకోలేడు. అందుకే 50 పెట్టెల మట్టి ఓడలో వేసుకుని ఇంగ్లండ్ వస్తాడు. ఆవకాయ సీసాలు, ఇంగువ డబ్బాలు బట్టల మధ్య చుట్టి 23 కిలోల సూట్‌కేసులో సర్దుకొచ్చిన నాకు ఈ చోట నవ్వాలో బాధపడాలో తెలియలేదు. కరువు రోజుల్లో ఓడలెక్కిన ఐరిష్‌వాళ్ల నేల మీద పుట్టిన రచయిత, ఊరి మట్టి మోసుకెళ్లే మనిషిని రాక్షసుడిని చేశాడు.

యాస

నన్ను ఈ వ్యాసం రాయించింది ఈ భాగమే. కోటలో డ్రాకులా ఇంగ్లిష్ పుస్తకాలు, లండన్ డైరెక్టరీలు, రైలు టైముటేబుళ్లు ముందు పెట్టుకుని చదువుతుంటాడు. హార్కర్‌ను తనతో మాట్లాడమని, ఉచ్చారణలో ఏ చిన్న తేడా వచ్చినా చెప్పమని అడుగుతాడు. వాడి ఇంగ్లిష్ చాలా బాగుంటుంది. అయినా లండన్ వీధిలో నోరు తెరిస్తే పరాయివాడని పట్టేస్తారని వాడి దిగులు. నలుగురిలో కలిసిపోవాలి, ఎవరూ ఆగి చూడకూడదు, అంతే కావాలి. వీసా వచ్చాక ఐఈఎల్‌టీఎస్ పుస్తకాలు పక్కన పెట్టి, ఇక్కడి ఉచ్చారణ కోసం వీడియోలు చూసిన మనకు ఆ దిగులు కొత్తదా?

స్టోకర్ కూడా యాస ఉన్నవాడే. లండన్‌లో 30 ఏళ్లకు పైగా బతికినా డబ్లిన్ మాట తీరు పోలేదు. ఐర్లాండ్‌కు స్వపరిపాలన కావాలనే పక్షం ఆయనది. బయటివాడుగా ఉండటం ఏమిటో తెలిసినవాడే ఇంగ్లిష్ పాఠకులను బయటివాడితో భయపెట్టాడు. తూర్పు ఐరోపా నుంచి వచ్చేవాళ్ల మీద బ్రిటన్‌లో అనుమానం పెరుగుతున్న కాలం అది. 1905లో వాళ్ల రాకను అదుపు చేసే చట్టమే వచ్చింది. డ్రాకులా రూపంలో యూదులను ఎగతాళి చేసే ఆనాటి బొమ్మల పోలికలు ఉన్నాయని విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నారు. నాకూ ఆ మాట కాదనబుద్ధి కాలేదు. లండన్ జనసముద్రంలో వీడు కలిసిపోయి తనలాంటివాళ్లను పెంచుకుంటూ పోతాడని హార్కర్ బెదిరిపోయే చోటు చదివితే, వలసల మీద ఇప్పటి ఉపన్యాసాలు గుర్తొస్తాయి. మనుషులను వరద అనీ, తెగులు అనీ పిలిచే భాష అప్పటి నుంచీ పెద్దగా మారలేదు.

2025 వేసవిలో ఇక్కడ భారతీయుల మీద దాడులు జరిగాయి. జాగ్రత్తగా ఉండమని మన రాయబార కార్యాలయం ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోజుల్లో చీకటి పడ్డాక బస్టాపులో ఫోను మాట్లాడుతూ తెలుగు వాక్యం గొంతు తగ్గించి పలికినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ సమయంలోనే డ్రాకులా రెండోసారి చదివాను. పుస్తకం మీద కోపం వస్తుందనుకున్నాను. కానీ మొదటిసారి నేను పట్టించుకోని సంగతి ఒకటి కనబడింది.

ఈ నవలలో చక్కటి ఇంగ్లిష్ మాట్లాడే పరాయివాడు రాక్షసుడు. కానీ అందరినీ కాపాడే వాన్ హెల్సింగ్ కూడా పరాయివాడే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన డచ్చి డాక్టర్. అతని ఇంగ్లిష్ మొదటి నుంచి చివరి దాకా వంకరటింకరే. క్రియలు తప్పుతాయి, వాక్యాలు తిరగబడతాయి. ఎవరూ నవ్వరు, అందరూ అతని మాటే వింటారు. హార్కర్ మెడలో శిలువ వేసి వెళ్లొద్దని బతిమాలిన ముసలమ్మ కూడా అతని భాష సరిగ్గా రాని పల్లెటూరి మనిషే. ఆమె మాట విని ఉంటే కథే లేదు. స్టోకర్ ఇదంతా కావాలనే చేశాడని నేను చెప్పలేను. కానీ పుస్తకంలో ఉన్నది అదే. యాసను బట్టి మనిషిని లెక్కగట్టినవాడు ఈ కథలో మొదటి అధ్యాయంలోనే మోసపోతాడు.

ఆఖరి రోజులు

1897 మే 26న నవల విడుదలైంది. పసుపుపచ్చ అట్ట, ఎర్రని అక్షరాలు, ధర 6 షిల్లింగులు. దానికి ఎనిమిది రోజుల ముందే లైసియంలో నటులతో కథంతా పైకి చదివించాడు. నాటక హక్కులు తన పేర ఉండాలన్న ముందుజాగ్రత్త అది. సమీక్షలు బాగానే వచ్చాయి, డబ్బు మాత్రం పెద్దగా రాలేదు.

మరుసటి ఏడాది లైసియం సెట్లు దాచిన గోదాము కాలిపోయింది. ఇర్వింగ్ ఆరోగ్యం చెడింది. తర్వాత థియేటర్ చేతులు మారిపోయింది. 1905 అక్టోబరు 13న బ్రాడ్‌ఫర్డ్‌లో నాటకం ఆడి వచ్చిన రాత్రే ఇర్వింగ్ చనిపోయాడు. ఆయన వీలునామాలో స్టోకర్‌కు ఏమీ లేదు. తర్వాత స్టోకర్‌కు పక్షవాతం వచ్చింది. అయినా ఇర్వింగ్ మీద రెండు సంపుటాల జ్ఞాపకాలు రాసి 1906లో వేయించాడు. 1911లో రచయితల సహాయ నిధికి అర్జీ పెట్టుకుంటే 100 పౌండ్లు ఇచ్చారు. ఇతరుల అర్జీల దాఖలు మీద పుస్తకం రాసిన మనిషి చివరికి తన అర్జీ తానే రాసుకోవాల్సి వచ్చింది.

1912 ఏప్రిల్ 20న, 64 ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశాడు. టైటానిక్ మునిగి అప్పటికి ఐదు రోజులు. పత్రికల నిండా అదే. దొరికిన కాస్త చోటులో వచ్చిన సంతాప వార్తలు కూడా ఆయన్ను ముఖ్యంగా ఇర్వింగ్ మేనేజరుగానే తలుచుకున్నాయి. సమాధిలోంచి లేచేవాళ్ల కథ రాసినాయన్ను పాతిపెట్టలేదు, దహనం చేశారు. అస్థికలు లండన్ గోల్డర్స్ గ్రీన్‌లో ఉన్నాయి.

యజమానిని మించి బతికిన కౌంట్

తర్వాతి కథ నడిపింది ఫ్లారెన్స్. 1922లో జర్మనీలో అనుమతి లేకుండా నోస్ఫెరాతు సినిమా తీశారు. పేర్లు మార్చినా కథ మారలేదు. ఆమె కోర్టుకు వెళ్లింది. 1925లో కాపీలన్నీ నాశనం చేయాలని తీర్పు వచ్చింది. కానీ అప్పటికే కొన్ని ప్రింట్లు దేశాలు దాటిపోయాయి. చంపినా చావని సినిమా అయింది. ఎండ తగిలితే రక్తపిశాచి చనిపోతాడన్న మాట కూడా ఆ సినిమాదే. నవలలో డ్రాకులా పట్టపగలు లండన్ వీధిలో తిరుగుతాడు. 1931లో హాలీవుడ్ సినిమాలో బేలా లుగోసి వేసిన వేషమే ఇప్పుడు మన పిల్లలు హాలోవీన్‌కు వేసుకునేది. ఆయన హంగరీ నుంచి వలస వెళ్లిన నటుడు. ప్రపంచమంతా అనుకరించే ఆ డ్రాకులా గొంతు నిజానికి ఒక వలసవాడి సొంత యాస.

డబ్లిన్‌లో ఏటా అక్టోబరు చివర్లో స్టోకర్ పేరు మీద ఉత్సవం జరుగుతుంది. నేషనల్ లైబ్రరీలో పాత పత్రికలు తిరగేస్తుంటే 1890లో అచ్చయి అందరూ మరిచిపోయిన ఆయన కథ ఒకటి దొరికిందని 2024లో వార్త వచ్చింది. అంటే ఆయన ఇంకా పూర్తిగా బయటికి రాలేదన్నమాట. ఆ వారంలో ఈ ఊరు వచ్చేవాళ్లు పిల్లలతో ఉత్సవం చూడండి, బాగుంటుంది. అంతకంటే ముందు పుస్తకం చదవండి. హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. వాన్ హెల్సింగ్ మాట్లాడే చోట్లు మాత్రం పైకి చదవండి. తప్పుల ఇంగ్లిష్‌తో ఒక మనిషి నలుగురి ప్రాణాలు ఎలా నిలబెట్టాడో మన పిల్లలు వింటే మంచిది.